పరుగు రోజున అక్కను ఇంటికి చేర్చడం

రోడ్డు అనేది మనుషులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి వేస్తారని ఇన్నేళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఆ ఆదివారం గుంటూరులో అది పొరపాటని తెలిసింది. బయలుదేరిన చోటికే పరుగెత్తుకుంటూ తిరిగి రావడం కోసం ఊళ్లో పెద్ద రోడ్లన్నీ మూసేశారు. మారథాన్ అట. పరుగెత్తిన పిల్లల మీద నాకు కోపం లేదు, ఒళ్లు వంచడం మంచిదే. మూసినవాడి మీద ఉంది. ఇప్పటికీ ఉంది.

మా అక్క కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో, ఊపిరి మిషను మీద ఉంది. శనివారం సాయంత్రం డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి, "మిషను తీస్తే ఎంతోసేపు ఉండరండి. ఇంటికి తీసుకెళ్తామంటే పొద్దున్నే తీసుకెళ్లండి" అన్నాడు. తీసుకెళ్లడం అంటే ఏమిటో మా వైపు ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. మనిషి ఊపిరితో గడప దాటాలి, ఇంట్లో పోవాలి. దారిలో పోతే ఆ శవాన్ని లోపలికి రానివ్వరు. తను కట్టుకున్న ఇంటి ముందే, వీధిలో టెంటు కింద, పరాయిదానిలా పడి ఉండాలి.

మా నాన్న అలాగే పడి ఉన్నాడు. అప్పట్లో టెంట్లు కూడా లేవు. చేలో పడిపోతే బండి మీద గుంటూరు తీసుకెళ్లారు, ఆసుపత్రి మెట్ల మీదే పోయాడు. తిరిగి తెచ్చి వాకిట్లో దించగానే వాన పట్టుకుంది. అప్పటికి పరికిణీ కట్టే మా అక్క, వాన వెలిసేదాకా నాన్న ముఖం మీద గొడుగు పట్టుకుని నిలబడింది. లోపలికి తెండి అని పెద్దవాళ్లలో ఒక్కరూ అనలేదు. ఆ రోజు నుంచి నేను ఈ ఆచారాన్ని తిడుతూనే ఉన్నాను. బడి అయిదో తరగతితో ఆగినా గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివి, ఆ చదివినదాంతో ఇంకా గట్టిగా తిట్టాను. అక్క అంతా వినేది. విని, "నువ్వు తిట్టుకోరా. నన్ను మాత్రం వీధిలో పెట్టకండి" అనేది. గొంతులో గొట్టం వేసే ముందు కూడా అదే మాట అంది.

అంబులెన్సు కోసం తిరిగితే దొరకలేదు. ఉన్న బండ్లన్నీ పరుగు దారి పొడవునా నిలబెట్టారట, ఎవరైనా కళ్లు తిరిగి పడతారేమోనని. ఒంట్లో బాగున్నవాళ్ల కోసం బండ్లు కాచుకుని ఉన్నాయి, చావుబతుకుల్లో ఉన్న మనిషికి బండి లేదు.

ఇక మిగిలింది మా మేనల్లుడి వ్యాను. అక్కకు వాడొక్కడే కొడుకు. మిర్చి బస్తాలు తోలుకునే పాత వ్యాను అది. శనివారమే పోలీసులు ఆసుపత్రి వీధిలో ఒక్క బండి లేకుండా తీయించారు. మావాడు, గుంటూరు వచ్చిన మిర్చి రైతు ఎవడైనా చేసే పనే చేశాడు. మిర్చి యార్డు అవతల, తన బస్తాలు దాచుకునే కోల్డ్ స్టోరేజీ ఆవరణలో పెట్టి వచ్చాడు. ఆ ఊళ్లో మాకు తెలిసిన చోటు అదొక్కటే, బండి ఎక్కడ పెట్టాలన్నా బుద్ధి అక్కడికే పోతుంది. అది పరుగు దారికి అవతలి పక్కన పడుతుందని ఎవరికి తోస్తుంది?

తెల్లవారుతుంటే అక్క దగ్గర ఆమె కోడలిని ఉంచి మేమిద్దరం నడిచి బయలుదేరాం. మంచు పట్టి ఉంది. ఆ వేళకు ఆ రోడ్డు మీద పాల బండ్లు, ఆటోలు, టిఫిను బండ్ల పొగ ఉండాలి. ఏమీ లేవు. రోడ్డు నడిమధ్యలో ఇద్దరం నడుస్తున్నాం, మా చెప్పుల చప్పుడు మూసిన షట్టర్లకు తగిలి వెనక్కి వస్తోంది. వెనక ఎవరో నడుస్తున్నట్టుండి మావాడు మాటిమాటికీ తిరిగి చూశాడు. ఒకచోట పొడుగాటి బల్లల మీద నీళ్ల గ్లాసులు నింపి వరుసగా పెట్టారు, పక్కన మనిషి లేడు. స్తంభానికి కట్టిన మైకు దానంతట అదే "హలో, హలో" అంటోంది. ఎవరినో పిలుస్తున్నట్టే ఉంది కానీ, పలకడానికి ఆ రోడ్డున మేము తప్ప ఎవరూ లేరు.

"మావయ్యా, తొందరగా నడు" అన్నాడు మావాడు.

"నడుస్తూనే ఉన్నాను గదరా."

"కాదు. ఇక్కడ నాకేదో బాగాలేదు."

యార్డు దగ్గరికి వచ్చేసరికి మిర్చి ఘాటు తగిలి ఇద్దరం దగ్గాం. వ్యాను తీసుకుని తిరిగి వస్తుంటే ప్రతి సందు మొదట్లోనూ ఇనప కంచె అడ్డం పెట్టి ఉంది. ఒకడు ఫ్లైఓవర్ కిందికి పొమ్మన్నాడు, అక్కడివాడు వెనక్కి పొమ్మన్నాడు. తిరిగి తిరిగి, ఇందాక మేం దాటిన నీళ్ల బల్లల దగ్గరే తేలాం. గ్లాసులు అలాగే ఉన్నాయి. కంచె దగ్గర ఒక కానిస్టేబుల్ నిలబడ్డాడు.

"ఎటు తాతా?"

"ఆసుపత్రికి."

"ఇటు లేదు. అవతల నుంచి పోండి."

"అవతలవాడు ఇటు పొమ్మన్నాడు."

"వాడికేం తెలుసు?"

"నీకు తెలుసా మరి?"

"నాకూ తెలీదు. మాచర్ల నుంచి డ్యూటీకి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఈ ఊళ్లో నాకు ఈ కంచె ఒక్కటే తెలుసు" అన్నాడు. అన్నాక అటూ ఇటూ చూసి, కంచె పక్కకు జరిపాడు. "ఇంకా మొదలవలేదులే, పోండి. మళ్లీ వచ్చేటప్పుడు మాత్రం నన్నడగొద్దు."

ఆసుపత్రి వెనక గేటు నుంచి అక్కను వ్యానులో పరుపు మీద పడుకోబెట్టాం. గొట్టానికి రబ్బరు తిత్తి తగిలించి, దాన్ని ఎలా నొక్కాలో నర్సు కోడలికి చూపించింది. "నువ్వు గాలి పీల్చినప్పుడల్లా ఒకసారి నొక్కమ్మా, లెక్క తప్పదు" అంది. కోడలు అక్క తల దగ్గర కూర్చుంది. తను పీల్చడం, తిత్తి నొక్కడం, అక్క రొమ్ము లేవడం. కాసేపటికి ఆ ఊపిరి ఎవరిదో చెప్పలేకుండా పోయింది.

మా ఊరు పోవడానికి సత్తెనపల్లి రోడ్డెక్కాలంటే ఆ కంచె దాటాల్సిందే. ఈసారి వెళ్లేసరికి పరుగు మొదలైంది. మంచులోంచి మనుషులు వస్తూనే ఉన్నారు. అందరికీ ఒకటే రంగు బనీను, రొమ్ము మీద నెంబరు. మాట లేదు. కల్లంలో ఎండుమిర్చిని కాళ్లతో తిరగేస్తే గింజలు గలగలమంటాయి చూడండి, వేలమంది అడుగులు కలిసి అలాంటి చప్పుడు చేస్తున్నాయి. వాళ్ల కళ్లు ఎదటనే ఉన్నాయి. మా వ్యాను అక్కడ ఉందని ఒక్కరూ చూడలేదు. మేమే లేమేమో అనిపించింది.

అప్పుడు డప్పులు మొదలయ్యాయి. పరుగెత్తేవాళ్లకు హుషారు కోసం మూల మీద నలుగురు కుర్రాళ్లను పెట్టారు. మా వైపు డప్పు శవం ముందర కూడా కొడతారు.

కోడలు తల ఎత్తకుండానే, "మావయ్య గారూ, ఆ డప్పు ఆపమనండి" అంది.

నేను దిగి అరిచాను. "ఒరేయ్, ఆపండ్రా!"

"నువ్వూ పరుగెత్తు తాతా, నీకూ కొడతాం!" అని నవ్వారు. ఒకడు ఆడుతూ వ్యాను దాకా వచ్చి లోపలికి చూశాడు. వాడి పుల్ల ఆగిపోయింది. మిగతావాళ్లవీ ఆగాయి. ఆ తర్వాత వినిపించింది అడుగుల గలగల ఒక్కటే. అది డప్పు కంటే ఘోరంగా ఉంది.

లోపలికి ఎక్కి అక్క పాదాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. మంచు చలి కాదు అది. గోళ్ల కింద రంగు మారింది. తల ఎత్తితే కోడలు నన్నే చూస్తోంది. చేతులు మాత్రం తిత్తి నొక్కుతూనే ఉన్నాయి. పోయిందన్న మాట ఎవరి నోటి నుంచి వస్తే వాళ్లు అక్కను వీధిలో పెట్టినట్టు.

"అమ్మ ఎలా ఉంది?" స్టీరింగు దగ్గర నుంచి మావాడు అడిగాడు.

"నువ్వు ముందుకు చూడరా" అన్నాను.

ఇందాకటి కానిస్టేబులే కిటికీ దగ్గరికి వచ్చాడు. లోపలికి వంగి అక్క ముఖం చూశాడు, పాదాలు చూశాడు.

"పెద్దాయనా, ఈమె..."

"ఊపిరుంది" అన్నాను గట్టిగా. "కనపడట్లేదా? చూడు."

కోడలు నొక్కింది. రొమ్ము లేచింది. దిగింది. అతను చాలాసేపు చూశాడు.

"ఇంటికేనా?"

"ఇంటికే."

"మా నాయనమ్మను కూడా ఇట్టాగే తీసుకుపోయాం" అన్నాడు మెల్లగా. కంచె లాగేసి, ఈల ఊదుకుంటూ రోడ్డు నడిమికి పోయి రెండు చేతులూ చాపాడు.

పరుగు ఆగింది. మనుషులు ఆగారు కానీ కాళ్లు ఆగలేదు. ఒళ్లు చల్లబడకూడదట, నిలబడ్డ చోటే పరుగెత్తుతున్నారు. అటూ ఇటూ గోడల్లా నిలబడి, నోరెత్తకుండా, పైకీ కిందికీ ఊగుతూ, అప్పుడు మొదటిసారిగా మా వైపు చూశారు. వాళ్ల మధ్య నుంచి మావాడు వ్యాను నడిపించాడు. కిటికీలో ఆ ముఖాలన్నీ ఊగుతూ వెనక్కి పోయాయి. అలా ఎవరికీ సాగనంపు జరిగి ఉండదు.

మేడికొండూరు దాటాక కోడలి చేతులు తిమ్మిరెక్కితే తిత్తి నేను తీసుకున్నాను. రెండు పక్కలా మంచులో పగిలిన పత్తికాయలు తెల్లగా ఉన్నాయి. నేను పీల్చాను, నొక్కాను. అక్క రొమ్ము లేచింది. ఈ ఆచారాన్ని జన్మంతా తిట్టినవాణ్ని, దాని కోసం నా ఊపిరి అరువిస్తూ కూర్చున్నాను. తప్పనిపించలేదు. ఇప్పుడూ అనిపించదు. దుర్మార్గమైన ఆచారమే, కానీ దాన్ని మార్చేదాకా అక్క వీధిలో కాచుకుని ఉండాలా?

ఇంటి ముందు వ్యాను ఆగగానే పక్కింటి ముసలామె అరుగు మీద నుంచి నలుగురికీ వినపడేలా అడిగింది. "ఊపిరుందా?"

"ఉంది" అన్నాను, నలుగురికీ వినపడేలా.

మావాడూ ఇంకో ఇద్దరూ పరుపుతో సహా ఎత్తారు. నేను తిత్తి నొక్కుతూ పక్కనే నడిచాను. గడప దాటాం. నట్టింట్లో చాప మీద దించాం. పక్కింటామె వచ్చి కూర్చుని, అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. ఆమెకు తెలిసింది.

"ఇల్లు చేరింది. ఇంక తియ్యండయ్యా" అంది.

తిత్తి ఊడదీసి పక్కన పెట్టాను. అప్పుడు అక్క రొమ్ము లేచింది. నెమ్మదిగా, నిండుగా లేచి, దిగింది. మళ్లీ లేవలేదు.

కోడలు చూసింది, పక్కింటామె చూసింది, నేను చూశాను. పోయినవాళ్ల లోపల మిగిలిన గాలి బయటికి వస్తుందని పుస్తకాల్లో నేనూ చదివాను. గాలి బయటికి వచ్చేటప్పుడు రొమ్ము పడాలి. మేం చూసింది లేవడం. ఆ రోడ్డు మీద నా చేతిలో ఉన్న ఆ చల్లని పాదాలు బతికున్న మనిషివో పోయిన మనిషివో, ఆ వేళ కోడలూ నేనూ చెప్పుకోకుండా దాచింది ఏమిటో, నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు.

అక్క ఇంట్లో పోయింది. ఎవరడిగినా అదే చెబుతాను.