ఆషాఢంలో దసరా

నిన్న నేను స్కూలుకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చానని హెడ్‌మిస్ట్రెస్ గారు కారణం అడిగారు. నేను చెప్పిన జవాబు ఆవిడకి నచ్చలేదు. నిజం చెప్పినప్పుడల్లా నాకిలాగే అవుతుంది. టీ తాగుతూ వినండి, నా తప్పేంటో మీరే చెప్పండి.

మొన్న శనివారం కొత్త లాప్‌టాప్ కొన్నాం. మా అమ్మాయి సింధు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవాలి, పాత కంప్యూటర్ సరిగ్గా అప్పుడే కన్నుమూసింది. పెట్టె ఇంటికి రాగానే మా అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు.

“ఆషాఢంలో కొత్త వస్తువు తెరుస్తారటే అమ్మాయ్? దసరాకి పూజ చేసి తెరుద్దాం.”

దసరా దాకా ఆగితే సింధు ఏ కాలేజీలో చేరుతుందండీ? అలాగని పెద్దావిడతో వాదించడం ఎందుకు? పదేళ్ళుగా పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతున్నదాన్ని, కాస్త తెలివి వాడదామనుకున్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే పెట్టె విప్పి, టైమ్ సెట్టింగ్స్‌లో ‘ఆటోమేటిక్’ ఆపేసి, తారీఖుని మూడు నెలలు ముందుకి జరిపి తీసుకెళ్ళి చూపించాను.

“చూడండి అత్తయ్యగారూ, దీనికి విజయదశమి వచ్చేసింది.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూశారు. “దానికి పండగైతే ఇంక నాదేముంది” అని కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చి, కొబ్బరికాయ కూడా కొట్టించారు. ఆవిణ్ణి భలే బుట్టలో వేశానని లోలోపల మురిసిపోయాను. ఆ మురిపెంలో తారీఖు వెనక్కి మార్చడం మర్చిపోయాను.

ఆదివారం సాయంత్రం ఐదింటికల్లా ఆప్షన్లు పెట్టెయ్యాలి. లేకపోతే ఈ విడతలో సీటే లేదు. పొద్దున్నే కూర్చున్నాం. సైటు తెరిస్తే ఎర్ర త్రికోణం, ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని. మెయిల్ తెరిచినా అదే, న్యూస్ తెరిచినా అదే.

హిస్టరీ తుడిచాను. బ్రౌజర్ మార్చాను. రౌటర్ ఆపి మళ్ళీ వేశాను. నెట్ కనెక్షన్ ఇచ్చినాయనకి ఫోన్ చేసి కసిరాను. ఆయన ఓపిగ్గా, “వీధిలో అందరికీ బాగానే వస్తోందండి మేడమ్” అన్నాడు. ఇంతలో సింధు తన ఫోన్ చూపించింది.

“అమ్మా, ఇందులో బాగానే ఓపెన్ అవుతోంది. ఇందులోనే పెట్టేస్తాను.”

“వద్దు. లాప్‌టాప్‌కి ప్రమాదం తెలిసి చెబుతోంది. నీ ఫోన్‌కి తెలీక ఊరుకుంటోంది. ఎవరైనా దూరి నీ ఆప్షన్లు మార్చేస్తే?”

నా మాట మీద నాకు అంత నమ్మకం. చదువుకున్న మనిషికి ఉండాల్సినదానికంటే ఎక్కువే.

మధ్యాహ్నం మా ఆయన కడియంలోని మొక్కల నర్సరీ నుంచి భోజనానికి వచ్చారు. చెయ్యి కడుక్కుని స్క్రీన్ ముందుకి వంగి, కింద ఉన్న చిన్న అక్షరాలు చదివి, “మీ గడియారం ముందుంది అంటోంది కదా” అన్నారు. లాప్‌టాప్ మూల చూశాను, ఒంటిగంటా పది. నా వాచీ చూశాను, ఒంటిగంటా పది. “టైము సరిగ్గానే ఉందండీ” అన్నాను. దాని కిందే తారీఖు ఉంది. అది చూడలేదు.

“అయితే మన గోడ గడియారం గురించేమో?”

నేను స్కూలుకి లేటవకూడదని ఆ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి పెట్టింది ఆయనే. పగలబడి నవ్వాను. లాప్‌టాప్‌కి కళ్ళున్నాయటండీ, గోడ వంక చూడ్డానికి?

“మొక్క వాడితే ముందు నీళ్ళు పోసి చూస్తాం. పోయేదేముంది?” అంటూ ఆయన స్టూలెక్కి గడియారం సరిచేశారు.

నాలుగైంది. సింధు కళ్ళలో నీళ్ళు. “సీటు పోయాక నీ సెక్యూరిటీ నేనేం చేసుకోనమ్మా?” అంది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. చేతులారా పిల్ల చదువు పాడుచేస్తున్నానా అనిపించింది. అదిగో, అప్పుడొచ్చారు అత్తగారు, కాఫీ గ్లాసుతో.

“అమ్మాయ్, దాన్ని మళ్ళీ ఆషాఢంలోకి దించావా?”

తారీఖు వెనక్కి మార్చాను. సైటు కిక్కురుమనకుండా తెరుచుకుంది. విషయం ఏంటంటే, ప్రతి సైటుకీ ఒక సర్టిఫికెట్, దానికో గడువు ఉంటాయి. దసరాలో కూర్చున్న మా లాప్‌టాప్‌కి అన్నిటికీ గడువు తీరిపోయినట్టే కనిపించింది. ఈ పాఠం నేను ఏటా ఎనిమిదో తరగతికి చెబుతాను.

నాలుగూ నలభైకి సింధు రాజమండ్రి కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టి సబ్మిట్ కొట్టింది. అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. “దాని బొట్టు చెరపకు” అని మాత్రం అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది.

సోమవారం పొద్దున్న ఎప్పటిలాగే గోడ వంక చూశాను. ఎప్పటిలాగే, ఎలాగూ పది నిమిషాలు ముందుంటుంది కదా అనుకుని రెండో కాఫీ కూడా తాగి, నింపాదిగా ఆటో ఎక్కాను. గేటు దగ్గర హెడ్‌మిస్ట్రెస్ గారు.

“ఎందుకు లేటైందండీ?”

“మా ఇంట్లో గడియారం సరిగ్గా ఉందండి.”