బల్బు కింద నుంచి పెరటి గూటికి

మా చెల్లెలు పోలమ్మ మొదటి గెలుపు పదకొండు కోడిపిల్లలు. పెళ్ళయి చరోదా రైల్వే క్వార్టర్‌కి వచ్చిన రెండో చలికాలం, వరండాలో గంప కింద పెట్టిన పన్నెండింట్లో పదకొండింటిని ముంగిసకీ ఎలకలకీ దక్కనివ్వకుండా పెద్ద చేసింది. పోయిన ఆ ఒక్కదాని మాట ఇప్పటికీ ఎత్తుతుంది.

మా ఊరి బళ్ళో నాలుగుతో ఆగిపోయిన మనిషి. నేను ఏడు దాకా చదివాను, భిలాయ్ ఉక్కు ప్లాంటులో ముప్పై నాలుగేళ్ళు బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ సెగ ముందు నిలబడ్డాను. అయినా మా పేట కోహ్కాలో ఇల్లెక్కడని అడిగితే "కోళ్ళ పోలమ్మ ఇల్లా?" అంటారు. బావ పోయాక మా దగ్గరికొచ్చి ఎనిమిదేళ్ళలో ఆ పేరు సంపాదించింది. ఈ జనవరిలో మహిళా సమూహం వాళ్ళు రాజనాందగావ్ పక్క పల్లెలో ఆడవాళ్ళకి కోళ్ళ పెంపకం నేర్పమని పన్నెండు రోజులకి పిలిచారు. మా వంశంలో మొదటి టీచరు తనే.

ఇరవై ఏడో తారీకున వెళ్తూ, వెచ్చదనానికి బల్బు వేలాడదీసిన పెట్టెలో పెరుగుతున్న ఇరవై నాలుగు రోజుల వయసు పిల్లల్ని, ఇరవై నాలుగింటిని, నాకప్పగించింది.

"పెట్టి ఇరుకైపోయింది అన్నియ్యా. తోకలు పొడుసుకుంటన్నాయి. నానొచ్చేదాకా ఆగవు. నువ్వే సూసి గూట్లోకి మార్చీ."

"ఏ తారీకున?"

"మళ్ళీ చార్టు తీసావేటి?"

తను నవ్వింది గానీ ఆ చార్టు సంగతి నేను మర్చిపోలేదు. కోక్ ఓవెన్ కొత్తగా వెలిగిస్తే రోజుకిన్ని డిగ్రీలని చార్టు ప్రకారం వేడెక్కిస్తాం. కిందటేడు ఆ పద్ధతే తిరగేసి, వేడి తగ్గేలా బల్బుని రోజుకో అంగుళం పైకెత్తించి, ఇరవై ఎనిమిదో రోజున పిల్లల్ని బయట పెట్టించాను. పెద్దవాడినని పోలమ్మ ఎదురు చెప్పలేదు. ఆ రాత్రి వానజల్లు పడింది. చలికి ఒక మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తెల్లారి చూస్తే అడుగున పందొమ్మిది ఊపిరాడక పోయాయి. ఒక్కోదాన్నీ తీసి సంచిలో వేసింది, నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఈసారి తను చూసినట్టే చూశాను. పొద్దున్నే ఒక్కోదాన్ని పట్టుకుని వీపు మీద ఊదేవాణ్ణి. ఈకలు విడిపోతే అడుగున పసుపు నూగు కనపడకూడదు. అయిదో రోజుకి ఒకదాని తోక దగ్గర నెత్తురు కనపడింది. ఇక ఆగడానికి లేదు. ఫోన్ చేశాను.

"రెండింటికి మెడ మీద ఇంకా నూగుంది."

"మిగతావాటికి?"

"నిండింది."

"పొద్దున్న లేచేసరికి ఎలా పడుకున్నాయి?"

"విడివిడిగా. బల్బుకి ఎడంగా."

"సలి లేనట్టే కదా, మరేటి భయం?"

"పందొమ్మిది, పోలమ్మా."

"నాకు మాత్రం లేదేటి? ఏ సారీ ఆ మొదటి రోజు అన్నం దిగదు. సూడు, గూటి నాలుగు మూలలూ గడ్డి కుక్కి గుండ్రం సెయ్యి. మూలే సంపుతాది. గోనె కప్పు, కింద గాలాడనీ."

గడ్డి కుక్కాను. పిడికిలి దూరేంత సందు మిగిలిందేమోనని మూడుసార్లు తడిమాను. పగలంతా ఎండలో వదిలి, పొద్దు వాలాక గూట్లో పెట్టి గోనె కప్పాను.

తెల్లారి ప్లాంటు సైరన్ మోగింది. గూట్లోంచి చప్పుడు లేదు. కిందటేడూ ఇలాగే చప్పుడు లేదు. టీ చల్లారిపోయింది గానీ గోనె ఎత్తడానికి చెయ్యి రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని ఎత్తాను. వెలుతురు తగలగానే కిచకిచమని నా కాళ్ళ మీద పడ్డాయి. మెడ మీద నూగున్న రెండూ ముందే వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను, ఇరవై నాలుగు.

ఫోన్ చేసి చెప్తే, "నానొచ్చి లెక్కెట్టుకుంటాను, ఒగ్గీ" అంది. గొంతులో మాత్రం నవ్వుంది.

మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టింది. గోనె మీద టార్పాలిన్ కట్టాను, మూలల్లో ఇంకా గడ్డి కుక్కాను. ఇలాంటి రాత్రులు ఇంకా ఆరున్నాయి. పోలమ్మ ఫిబ్రవరి ఎనిమిదో తారీకు, ఆదివారం, దుర్గ్ స్టేషన్లో దిగుతుంది.