మిరపకాయల పక్కన యుద్ధనౌక

తుఫానుకి మునిగిన ఓడల గురించి విన్నారు, బాంబులకి మునిగిన ఓడల గురించి విన్నారు. ఒక్క నీటిబొట్టు తగలకుండా, శత్రువన్నవాడే లేకుండా, బ్రాడీపేటలో ఓ డాబా మీద యుద్ధనౌకని నాశనం చేసిన మనిషిని మాత్రం మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఎం.ఏ., ఫస్ట్ క్లాసు. క్లాసు సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చదువుకీ తెలివికీ చుట్టరికం లేదని మీకు ముందే తెలియాలిగా.

మా ఆయన పద్దెనిమిదో ఏట నేవీలో చేరబోతే కళ్లు పరీక్ష చేసి ఇంటికి పంపించేశారట. ఆ తర్వాత జీవితమంతా ఓ గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్ల సముద్రం ఈదారు. రిటైర్మెంటుకి రెండేళ్లుందనగా, నాకు మాటమాత్రం చెప్పకుండా ఓ కంపెనీకి చందా కట్టారు. నెలకో పెట్టె వస్తుంది, అందులో ఓడ ముక్కలు కొన్ని ఉంటాయి. రెండేళ్లపాటు అతికించుకుంటూ పోతే నాలుగడుగుల యుద్ధనౌక తయారవుతుంది.

"రెండేళ్లా? ఇల్లు కట్టే మేస్త్రీ కూడా ఇంత సాగదియ్యడండీ!" అన్నాను.

"అది హాబీ విజయా. నీకర్థం కాదు."

"నాకర్థమైంది. చివరి ముక్క పంపరు, చూస్తూ ఉండండి. చందా కట్టేదాకా ఓడ మల్లయ్య, కట్టాక బోడి మల్లయ్య!"

ఆయన వినలేదు. పైగా, "నా సన్మానానికి శాలువాలూ అవీ వద్దు, ఓ బల్ల ఖాళీగా ఉంచండి, ఓడ తెస్తాను" అని ఆఫీసంతా చాటింపు వేసి వచ్చారు. ఇక ఓడ పూర్తికాకపోతే ఆయన పరువు ఆ ఖాళీ బల్ల మీద పడుకోవాల్సిందే.

ఇక్కడ నా పుట్టింటి సంగతి కొంచెం చెప్పాలి. మా నాన్న మిరప రైతు. అనుమానం పెనుభూతం అని లోకం అంటుంది గానీ, మిరపకాయల వ్యాపారంలో అనుమానమే పెట్టుబడి. బరువు తూగాలని కాయల మీద నీళ్లు చల్లే ఘనులుంటారు. అందుకే మా నాన్న బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి, ఓ కాయ తీసి, చెవి దగ్గర ఊపి చూసేవాడు. గింజ గలగలలాడితే ఎండిన కాయ, లేకపోతే చెమ్మకాయ. ఆ చెవి నాకూ వచ్చింది. ఆస్తి మాత్రం అన్నయ్యకి వెళ్లిందనుకోండి, అది వేరే పోట్లాట.

రిటైర్మెంటుకి రెండు నెలలుందనగా, మే నెలలో, ఓడ డెక్కు వచ్చింది. డెక్కంటే ఓడ పైభాగం, అందులో ముందువైపు ముక్క, మూరెడు పొడవున పల్చటి ప్లాస్టిక్ పలక. పెట్టెలు ఆదివారం తలస్నానం చేసి ఆయనే విప్పాలని మా ఇంట్లో నియమం. అది మంగళవారం. ఆయన ఆఫీసుకి వెళ్లగానే నేను విప్పాను. తనిఖీ కోసమే లెండి.

పలక పక్కన ఓ చిన్న తెల్ల పొట్లం ఉంది. చెమ్మ పీల్చే పొట్లమని దాని మీదే రాసుంది. నా మెదడు చురుక్కుమంది. సరుకు పొడిగా ఉంటే ఈ పొట్లం ఎందుకూ? దొంగే తాళం చెవి జారవిడుచుకున్నట్టు లేదూ? పలకని చెవి దగ్గర పెట్టి ఊపాను. గలగల లేదు!

ఇంకేం కావాలి? పైన డాబా మీద, కింద వాటాలో ఉండే మస్తాన్‌బీ ఏడాది కారానికి కాయలు ఎండబోస్తోంది. వాటి పక్కనే పాత చీర పరిచి పలకని పడుకోబెట్టాను.

"పడవకి జలుబు చేసిందా అక్కా?" అంది మస్తాన్‌బీ.

"చెమ్మ సరుకు అంటగట్టారమ్మా."

"అయితే మధ్యలో తిరగెయ్యి. ఒక పక్కే ఎండితే పాడైపోద్ది."

రెండ్రోజులు ఎండబెట్టి, చల్లబడ్డాక చీరతో సహా మూటగట్టి, చీకటి స్టోర్‌రూములో తడుముకుంటూ పెట్టెలోకి జార్చి, టేపు వేసేశాను. ఆదివారం ఆయన విప్పారు. పలక కాలిన అప్పడంలా లేచి చూసింది.

"వంకర ముక్క పంపారు విజయా!"

"నేను చెప్పలా? తాలుకాయలు అంటగట్టే బాపతని!"

ఒట్టు, నాకు తట్టలేదు. మా ప్లాస్టిక్ కుర్చీ పదేళ్లుగా ఎండలోనే ఉంది, దానికేమైంది గనక?

కంపెనీకి ఫోన్ చేసి గంట పోట్లాడాను. పాపం, వేరే ముక్క పంపారు. ఈసారి మూడ్రోజులు ఎండబెట్టాను, మస్తాన్‌బీ మాట విని తిరగేసి మరీ. అది అవతలి పక్కకి వంగింది.

మళ్లీ ఫోన్. స్పీకర్ పెట్టాను, నా వాదనాపటిమ మా ఆయన కూడా వినాలిగా.

"మేడం, మా దగ్గర ప్యాక్ చేసేటప్పుడు తిన్నగానే ఉందండీ," అంది కస్టమర్ కేర్ అమ్మాయి.

"ప్యాకింగ్ సంగతి నాకు చెప్పకమ్మా. అసలు మీరు చెమ్మ సరుకు ఎందుకు పంపుతున్నారు?"

"చెమ్మ సరుకా?"

"బుకాయించకు. సాక్ష్యం ఉంది. మీ సరుకుని మేం ఎంత కష్టపడి బాగుచేసుకుంటున్నామో ఫోటో పంపుతున్నా, చూడు."

పంపాను.

"మేడం... ఆ మిరపకాయల పక్కన ఉన్నది మా డెక్కేనా అండీ?"

"మరెవరిది, మా అత్తగారిదా?"

"ఎంతసేపు ఉంచారండీ?"

"మూడ్రోజులు!" అన్నాను గర్వంగా.

మా ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నేవీవాళ్లు ఇంటికి పంపించిన నాడు కూడా ఆయన మొహం అలా అయి ఉండదు. ఆ అమ్మాయి మాత్రం ఎంతో మర్యాదగా, ఆ ముక్కలు ఇక స్టాకులో లేవని చెప్పి పెట్టేసింది. ఆయన ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎదురు వాదించి గెలిచేదాన్ని. అదే నా బాధ.

ఆ రెండు పలకల్లో తక్కువ వంకర ఉన్నదాన్నే అతికించారు. సన్మానం రోజున ఓడ బల్ల ఎక్కింది, ముక్కు ఆకాశంలోకి ఎత్తి. ఆఫీసరుగారు చుట్టూ తిరిగి చూశారు.

"బ్రహ్మాండంగా ఉందండీ. ముందుభాగం అలా లేచిందేం?"

మా ఆయన నావైపు ఓసారి చూసి, "అల ఎక్కుతోంది సార్. పెద్ద తుఫానులో చిక్కుకుంది," అన్నారు.

"భలే! తుఫానుకి పేరు కూడా పెట్టారా?"

"విజయ, సార్."

ఆఫీసంతా చప్పట్లు. నేనూ కొట్టాను, ఏం చేస్తాను?

కాబట్టి అమరావతి అమరేశ్వరుడి సాక్షిగా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: బొందిలో ప్రాణం ఉండగా మిరపకాయలూ వడియాలూ తప్ప ఈ భూమ్మీద దేన్నీ ఎండబెట్టను, పరాయి పెట్టె విప్పను.

మొన్న ఆయన యుద్ధవిమానానికి చందా కట్టారు. మొదటి పెట్టె నిన్ననే వచ్చింది. నేను విప్పలేదు. ఊరికే చెవి దగ్గర పెట్టి ఒక్కసారి ఊపానంతే.

గలగల లేదు.