హంస పడవలో రెండో సీటు

ఈ రోజు పొద్దున సిద్దిపేటలో ఒక పాత పెడల్ బోటు కొన్నాను. హంస ఆకారంలో ఉంటుంది, ఇద్దరు పక్కపక్కన కూర్చుని కాళ్లతో తొక్కాలి. కొండపాకలో మా చేను పక్కన సొంత కుంట ఉంది, అందులో నీళ్లున్నాయి, నాకు సాయంత్రాలు ఏమీ తోచడం లేదు. ఇంతకు మించి కారణం అడగొద్దు.

అమ్మినాయన ఇదివరకు చెరువులో బోట్లు తిప్పేవాడు. కొనేముందు నీళ్లలోకి దించి, ఎక్కి చూడమన్నాడు. నేను కూర్చోగానే పడవ నా వైపు ఒరిగింది.

"ఒక్కలే కూసుంటే గిట్లనే ఒరుగుతది సార్. మీతోని ఎవరొస్తరు?"

"ఎవ్వలు రారు. నేనొక్కన్నే."

ఆయన షెడ్డులోకి వెళ్లి, ఇసుక నింపిన యూరియా సంచిని మోసుకొచ్చి పక్క సీట్లో పెట్టాడు. పడవ సరిగ్గా నిలబడింది.

"గిది తీస్కపోన్రి. మాట్లాడదు, గంతే."

ట్రాక్టర్ ట్రాలీలో హంసను తెస్తుంటే, పెళ్లి ఎవరిదని దారిలో ఇద్దరు ముగ్గురు అడిగారు.

సాయంత్రం కుంటలో రెండు చుట్లు తిరిగాను. పడవ బాగానే ఉంది. కానీ రెండు వైపుల పెడళ్లూ ఒకే కడ్డీకి బిగించి ఉన్నాయి. నేను తొక్కుతుంటే సంచి ముందున్నవి కూడా వాటంతటవే తిరుగుతున్నాయి. అటు చూడకుండా తొక్కడం ఇంకా అలవాటు కాలేదు.

కాస్త బరువున్నవాళ్లు ఎవరైనా ఆదివారం కొండపాక వైపు వస్తే చెప్పండి. సంచిని దింపేస్తాను.