అత్త ఎదురుచూసిన మందు

మా మేనత్త పోయిన సోమవారం తెల్లవారుజామున కన్నుమూసింది. విషయం తెలిసి ఫోన్ చేసినవాళ్లలో చాలామంది గొంతు తగ్గించి ఒకటే అడిగారు, తనకు తానే ఏమైనా చేసుకుందా అని. లేదు, గుండెపోటు. ఇన్నేళ్లు డిప్రెషన్‌తో బతికిన మనిషి గురించి చివరికి ఆ ప్రశ్నొక్కటే మిగలకూడదని ఇది రాస్తున్నాను.

మా నాన్నకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు, చిక్కడపల్లిలో మాతోనే ఉండేది. నారాయణగూడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. వానాకాలంలో పుట్టగొడుగులు కొనుక్కొస్తే, కూర వండేముందు ఒకటి తిరగేసి గొడుగు కింది సన్నటి రేకులు చూపించేది. వంటింట్లోనూ పాఠమే.

తర్వాత ఒక ఏడాది, కారణం ఇదీ అని చెప్పలేని దిగులు పట్టుకుంది. తల దువ్వుకోవడం మానేసింది. బెండకాయలు ముందేసుకుని మధ్యాహ్నం దాకా అలాగే కూర్చునేది. ఉద్యోగం వదిలేసింది. డాక్టరు మందులు మార్చి మార్చి చూశాడు. ఒకటి నిద్ర తెచ్చింది, ఇంకొకటి ఏడుపు ఆపింది. "ఏడుపుతోపాటు నవ్వు గూడ బందయింది బిడ్డా," అంది.

ఒకరోజు తనంతట తానే గదిలోంచి వచ్చి ఫోన్‌లో ఒక వార్త తెరిచి నా ముందు పెట్టింది. కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్ అనే పదార్థాన్ని, మామూలు మందులకు లొంగని డిప్రెషన్‌కు వాడి పరీక్షిస్తున్నారట. "క్లాసుల దీన్ని విషమని ఒక్క ముక్కల చెప్పి వదిలేసిన," అంది, తప్పు దిద్దుకుంటున్నట్టు.

నల్లకుంటలో ఆమెను చూసే డాక్టరును అడిగితే నవ్వి తీసిపారేయలేదు. కొందరికి మేలు చేస్తున్నట్టుంది, అందరికీ కాదన్నాడు. ఇంకా పరీక్షల్లోనే ఉందని, ఇచ్చేటప్పుడు శిక్షణ ఉన్నవాళ్లు పక్కనే ఉండాలని, తాను రాసివ్వగలిగిన మందు కాదని చెప్పాడు. అప్పట్నుంచి వెళ్లినప్పుడల్లా అత్త అడిగేది, "వచ్చిందా సార్?" ఆయన తల అడ్డంగా ఊపేవాడు.

సంగతి తెలిసి పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. రహస్యంగా తెప్పించి ఇస్తానన్నాడు.

"వద్దు. అండ్ల ఏం కలిపిండ్రో తెల్వదు, తింటే నాకేమైతదో తెల్వదు. మందు లెక్క వస్తే తీసుకుంట. నాకు అందకపోతే నా తర్వాతోళ్లకు అందుతది," అంది అత్త.

అతను వెళ్లాక గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట అనడం ఆమెకు ఎంత భారమైందో ఆ వీపు చూస్తే తెలిసింది.

అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న రోజుల్లో నాకూ అలాంటి దిగులే పట్టుకుంది. సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లగలిగానంటే ఆమెను చూసే.

పోయిన నెల ఆమెను నల్లకుంట డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఇంకా రాలేదనే చెప్పాడాయన. తిరిగొస్తూ నారాయణగూడలో ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ ఎట్లుందని అడిగాను.

"రుచి తెలుస్తలేదు. వేడి తెలుస్తున్నది," అంది.

కప్పును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, అది చల్లారేదాకా అలాగే కూర్చుంది.