అరకు బంగళాకు మోసుకెళ్లిన మూడు కాళ్లు

పాడుబడ్డ ఇళ్ల ఫొటోలు తీసే పిచ్చి నాకెలా పట్టిందో చెప్పుకుంటూ కూర్చుంటే ప్రయాణం మొదలే కాదు. పార్వతీపురంలో మిషను బడి డ్రాయింగు మాస్టరును. సెలవులిస్తే చాలు, కెమెరా పెట్టె భుజాన వేసుకుని కప్పు కూలిన ఉప్పు కొఠార్లు, మనుషులు వదిలేసిన నీలిమందు తొట్లు వెతుక్కుంటూ తిరుగుతాను. అరకు అవతల కొండ మీద ఒక దొర కాఫీ తోట వేసి, చలిజ్వరాలకు తాళలేక వదిలిపోయిన బంగళా ఉందని మా పాస్టరుగారు చెప్పారు. ఈ వానలకు దాని కప్పు దిగిపోవడం ఖాయమని కూడా అన్నారు. కూలకముందే ఆ బంగళా లోపలి హాలును ఒక్క ఫొటో గాజు ప్లేటు మీదికి ఎక్కించాలని మే నెలలో బయలుదేరాను.

లోపలి హాలంటే చీకటి. చీకట్లో ప్లేటును నిమిషాల తరబడి తెరిచి ఉంచాలి. అంతసేపూ కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. నా పాత స్టాండు కాలు కిందటి వేసవిలోనే విరిగింది. అందుకని తెల్లవారి రైలెక్కి ముందు విజయనగరంలో దిగి, పెసరట్టు తిని, ఫొటో సామాను దుకాణం తలుపు తీసేదాకా అరుగు మీద కూర్చున్నాను.

దుకాణదారు మూడు స్టాండ్లు చూపించాడు. మొదటిది స్టూడియోలో వాడే టేకు స్టాండు. ఏనుగు ఎక్కినా కదలదు, కాని దాన్ని కొండెక్కించాలంటే నిజంగానే ఏనుగు కావాలి. రెండోది ఒకదానిలో ఒకటి దూరే ఇత్తడి గొట్టాల స్టాండు. గొడుగంత తేలిక, ముచ్చటగా ఉంది. ధర వింటే నా నెల జీతం కళ్లముందు తిరిగింది. పైగా దాని కాళ్ల చివర నున్నటి బిళ్లలు. విరిగిన పెంకుల మీదా బూజుపట్టిన గచ్చు మీదా అవి జారతాయి. మూడోది పాతది, కర్రది. కాళ్లను మధ్యకి కోసి మడతబందులు వేయించారు కనుక మూరన్నర మూటగా ముడుచుకుంటుంది. చివర ఇనుప ములుకులు. ఒక్కో కాలిని విడిగా పొడుగూ పొట్టీ చేసుకోవచ్చు. కూలిన మెట్ల మీద నిలబెట్టాలంటే అదే ముఖ్యం. తెరిచి నిలబెట్టి, తల మీద చెయ్యి వేసి గట్టిగా మెలితిప్పి చూశాను. కిర్రుమనలేదు. ఈ దారిన వెళ్లదలచినవాళ్లు దుకాణంలోనే ఈ పరీక్ష చేసుకోవాలి.

ధర మాత్రం మరీ తక్కువ. అక్కడే నాకు అనుమానం వచ్చింది. కాళ్లను వెలుతురుకు తిప్పి చూస్తే, మూడింటి మీదా కాల్చి వేసిన సర్కారువారి బాణం గుర్తు కనిపించింది.

"ఇదెక్కడిదండీ?" అన్నాను.

"సర్వేవాళ్ల పాత సామాను మాస్టారూ. వేలంలో పాడుకున్నాను, దొంగిలించింది కాదు" అన్నాడు.

దొంగతనం మాట నేను ఎత్తనే లేదు. అయినా సర్కారు గుర్తు ఉంటే సరుకు గట్టిదే అయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని కొన్నాను. దుప్పటిలో చుట్టి తాడు కట్టుకున్నాను.

మధ్యాహ్నం శృంగవరపుకోట బస్సు. ఎండకు కాలిన తొక్క సీటు, కాళ్ల కింద కోళ్ల గంప. పక్కనున్న ఆసామి నా మూట వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ మూట వంక చూశాడు. "తుపాకీ గాదు గదా పంతులూ?" అన్నాడు. కాదన్నాను. నమ్మినట్టు తల ఊపి, కొంచెం అవతలికి జరిగి కూర్చున్నాడు. ఏజెన్సీలో కొండవాళ్ల తిరుగుబాటు, ఆ ఫితూరీ, అణిగి ఎంతో కాలం కాలేదు కదా. బస్సు దిగగానే ఒక కానిస్టేబులు మూట విప్పించాడు. కాళ్ల మీద గుర్తు చూసి సర్వే బాబుననుకున్నాడు కాబోలు, చెయ్యి నుదుటికి ఎత్తి వదిలేశాడు. ఆ సలాము నాకు బాగానే ఉంది, కాదనలేను.

రాత్రి సత్రంలో పడుకుని, తెల్లవారుజామున అప్పన్న బండి మాట్లాడుకున్నాను. అరకు సంతకు ఉప్పు తోలే మనిషి. సామాను ఎత్తుతూ మూటను చేత్తో తడిమి, "ఏటి బాబూ ఇది?" అన్నాడు. విప్పి చూపించాను. అతని ముఖం మారిపోయింది.

"ఈటిని కొండ మీద ఇప్పకండి బాబూ. అక్కడోళ్లు సూస్తే బాగుండదు."

"ఎందుకు?"

"నాకేటి తెల్సు. సెప్పినాను, అంతే."

వస్తువు మీద కన్నుపడినవాడే దాన్ని దాచమంటాడు అనుకున్నాను. ఘాటు దారి ఎక్కేటంతసేపూ ఒక చెయ్యి మూట మీదే ఉంచాను. చల్లటి గాలి వస్తున్నా నిద్రపోలేదు. అనంతగిరిలో మజిలీ చేసి, చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగి, దోమలకు భయపడి క్వినైను బిళ్ల మింగి, మూట తలకింద పెట్టుకుని పడుకున్నాను. అప్పన్న నన్నూ నా తలగడనూ చూసి అటు తిరిగి పడుకున్నాడు. అది ఇంకా అనుమానంగా తోచింది.

అరకులో దిగేసరికి సంత నిండుగా ఉంది. చింతపండు, పసుపు, అడ్డాకుల కట్టలు, ముక్కుకు మూడు పోగులు పెట్టుకున్న ఆడవాళ్లు. ఇంత మంచి బొమ్మ వదులుకోవడం ఎందుకని స్టాండు విప్పి నిలబెట్టాను. నాకు దగ్గరగా కూర్చున్న ముసలామె పసుపు బుట్ట ఎత్తుకుని లేచింది. ఆమె పక్కావిడ లేచింది. నేను నల్లగుడ్డ కప్పుకుని అద్దంలోకి చూసేసరికి సంతలో నా ఎదుటి సగం ఖాళీ అయింది. కెమెరాకు భయపడ్డారనుకున్నాను. కాని వాళ్లు చూస్తున్నది కెమెరాను కాదు, దాని కాళ్లను.

మర్నాడు డుంబ్రిగుడ దారి పట్టి, మధ్యలో పక్కకు తిరిగి కొండ కింది ఊరు చేరాం. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకో ముందుముందు తెలుస్తుంది. ఊరి పెద్ద పేరు సుక్రా అనుకోండి. బంగళా చూడడానికి వచ్చానంటే, ఎంతసేపు ఉంటావని అడిగాడు. ఒక్క పూట అన్నాను. "పోయిరా" అన్నాడు గాని, మేం మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడి చూశాడు.

బంగళా నేననుకున్న దానికన్నా బాగుంది. ముందు వరండా కుంగిపోయింది. హాల్లో నేల పలకలు ఎవరో ఊడదీసుకుపోయారు. చలిమంట గూట్లో పుట్ట లేచింది. ఒకప్పుడు పటాలు వేలాడినచోట గోడ మీద తెల్లటి చదరాలు మిగిలాయి. చెక్కలు పోయిన పెద్ద కిటికీలోంచి ఎదుటి కొండ కనిపిస్తోంది. ఆ వాలు మీద సాగుకోసం కొత్తగా కాల్చిన పోడు నల్లగా ఉంది, మోడులు ఇంకా పొగలు కక్కుతున్నాయి. చీకటి హాలు, దాని నడుమ ఆ కిటికీ. ఇంతదూరం రావడానికి ఇదే కారణం అనిపించి నిజంగా ఒళ్లు పులకరించింది.

ఇనుప ములుకులను నేలపలకల దూలాల్లో గుచ్చి స్టాండు నిలబెట్టాను. కెమెరా బిగించి, కిటికీ చట్రంలోకి తెచ్చుకున్నాను. ఎండ తిరిగేదాకా ఆగాలి కనుక ఆ కిటికీ బయట చెక్కిన రాయి ఒకటి కనిపిస్తే దాని మీద కూర్చుని రొట్టె తిన్నాను. ఊటకు వెళ్లి చేతులు కడుక్కుని వచ్చేసరికి స్టాండు లేదు. కెమెరాను మాత్రం నల్లగుడ్డ పరిచి, దాని మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లారు.

నేరుగా బండి దగ్గరికి వెళ్లి అప్పన్నను నిలదీశాను. అతను ఎడ్లకు గడ్డి వేస్తున్నవాడు ఆగిపోయాడు.

"దొంగతనం అంటగట్టకండి బాబూ. కర్రలు నాకేటికి? మూడుకాళ్ల కర్రలట్టుకొని ఆ మజ్జన కచేరీ బాబులొచ్చినారు. ఆళ్లెల్లినాక రాళ్లు పాతినారు. రాయికి ఈపక్కే పోడు కొట్టుకోవాల. ఆపక్క కొడితే గొడ్డళ్లు అట్టుకుపోతారు, జరిమానా ఏత్తారు. మీ కర్రల మీద ఆళ్ల గుర్తే ఉంది."

"ఆ మాట అప్పుడే చెప్పొద్దా?"

"సెప్తే నమ్ముతారేటి? దారంతా మూట తలకింద ఎట్టుకొని తొంగున్నారు."

నాకు సిగ్గేసింది. కోపం కూడా తగ్గలేదు. అతన్ని వెంటబెట్టుకుని ఊళ్లోకి వెళ్లాను.

సుక్రా వాకిట్లో చాప మీద నా స్టాండు మడిచి పెట్టి ఉంది. దాని చుట్టూ ఊరంతా కూర్చుని ఉంది. వాళ్ల మాటకు 'మీరు' లేదు, అందరినీ ఒకటిగానే పిలుస్తారు. "ఈ గుర్తు మీద చెయ్యి పెట్టు" అన్నాడు సుక్రా. పెట్టాను. "రాయి మీద కూర్చుని తిన్నావు. దాని మీద కూడా ఇదే గుర్తు. కొత్త రాయి ఎక్కడ పాతుతావు?"

"రాళ్లు పాతేవాణ్ని కాదు. బడిపంతుల్ని. ఇది పాత సామాన్లో కొన్నాను. ఊరికే బంగళా బొమ్మ తీసుకుపోదామని వచ్చాను."

"ఊరికే సూత్తన్నాను అని అప్పుడొచ్చిన బాబు కూడా అన్నాడు."

వెనకనుంచి ఒక నడివయసు ఆడమనిషి, సుక్రా కోడలట, అందుకుంది. "ఆ కొండ మీదే ఈ ఏడు సామలు. ఆ కొండ పోతే గంజి నేదు. ఈ పంతులికి బంగళా కావాల, మాకు తిండి కావాల" అంది. రాయికి ఆపక్కనే వాళ్లు పోడు కాల్చారని అప్పుడు అర్థమైంది. కిటికీలోంచి నేను మురిసిపోయి చూసింది ఆ వాలునే.

వాళ్లలో వాళ్లు తమ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి సుక్రా తీర్పు చెప్పాడు. స్టాండు ఇస్తారు, బొమ్మ తీసుకోవచ్చు. కాని నాతో ఇద్దరు మనుషులు నిలబడి చూస్తారు. అది అయ్యాక స్టాండు ఊళ్లోనే ఉండిపోవాలి. నేను తీసుకుపోతే రేపు ఇంకొకడి చేతికి వెళ్తుంది, వాడు మళ్లీ ఇక్కడికే వస్తాడు. అందుకట.

ఒప్పుకోక ఏం చేస్తాను? ప్లేటు తెరిచి లోలోపల లెక్కపెట్టుకుంటున్నంతసేపూ ఆ ఇద్దరూ నా చేతుల మీదనుంచి చూపు తిప్పలేదు. మూత వేయగానే వాళ్లే మరలు విప్పి స్టాండు భుజాన వేసుకున్నారు. సంతలో అమ్ముకుంటారు, గట్టి మోసమే జరిగిందని అనుకుంటూ కొండ దిగాను. కాని హాలు బొమ్మ నా పెట్టెలో ఉంది. దాని ముందు స్టాండు ఎంత?

తిరుగు దారిలో అనంతగిరి విడిది దగ్గర ఒక ఖాకీ దుస్తుల పెద్దమనిషి కలిశాడు. అడవి శాఖ ఉద్యోగి. మంచివాడిలాగే ఉన్నాడు, తన ఫ్లాస్కులోని టీ నాకూ పోశాడు. కొండ మీద టీ చుక్క దొరకక నాలుక పీకుతోంది నాకు. కెమెరా చూసి ముచ్చటపడ్డాడు. ఎక్కడికి వెళ్లానో అడిగాడు. ఊరి పేరు ఎత్తకుండా, దొర బంగళా అన్నాను.

"తెలుసండీ. హాల్లో తూర్పు వైపు పెద్ద కిటికీ. లోపలినుంచి తీశారా?"

"తీశానండి."

"అయితే అవతలి వాలు పడి ఉంటుంది. రాయి కూడా. అక్కడ పోడు కొట్టారని అనుమానం మాకు, రుజువు లేక ఊరుకున్నాం. మాస్టారూ, ఒక కాపీ నాకు పంపించండి. ఈ కొండల్లో ఇంకా చాలా బంగళాలు మా స్వాధీనంలోనే ఉన్నాయి. అన్నిటికీ తాళాలు ఇప్పిస్తాను, కూలీలను కూడా ఇప్పిస్తాను."

అన్ని బంగళాలూ! నాలాంటివాడికి అంతకన్నా ఆశ చూపలేరు. కాపీ పంపితే ఏమవుతుంది, ఎలాగూ వీళ్లు కనిపెట్టరా అని ఒక క్షణం మనసు లాగింది కూడా. ఆ వెంటనే గంజి నేదన్న ఆ కోడలి మాట గుర్తొచ్చింది. "లోపలి ప్లేటు చెడిపోయిందండీ, వెలుతురు తగిలింది" అన్నాను. ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. "మందులో కడిగి చూస్తేగాని తెలియదు కదా. శృంగవరపుకోటలో నాకు తెలిసిన ఫొటోగ్రాఫరు ఉన్నాడు. నేనూ దిగుతున్నాను, అక్కడ చూద్దాం" అని నవ్వాడు.

ఆయన గుర్రం మా బండి వెనకాలే వస్తోంది. ఘాటులో రెండు మలుపులు తిరిగి గుర్రం కనుమరుగయ్యాక అప్పన్నను ఆపమన్నాను. పెట్టెలోంచి హాలు ప్లేటు తీసి, మూత లాగి, మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తిప్పి పట్టుకున్నాను. మీగడ రంగు ప్లేటు చూస్తూండగానే బూడిద రంగుకు తిరిగింది. కప్పూ, పుట్టా, తెల్లటి చదరాలూ, కిటికీ, కొండా అన్నీ పోయాయి. ఏడుపొచ్చింది.

"ఏటి బాబూ అది?" అన్నాడు అప్పన్న.

"బంగళా" అన్నాను.

కోటలో ఆ ఫొటోగ్రాఫరు ప్లేటు కడిగాడు. ఏమీ లేదు, అంతా నలుపు. అడవి ఉద్యోగి దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి నాకిచ్చేసి, ఈసారి మంచి పెట్టె కొనుక్కోమని సలహా చెప్పాడు.

ఈ ప్రయాణంలో ప్రతివాళ్లనూ అనుమానించాను. దుకాణదారును, బండివాణ్ని, కొండవాళ్లను. కొండవాళ్లు నన్ను అనుమానించారు. వాళ్లు స్టాండును చూసి భయపడ్డారు, దాని మీదున్న కెమెరాను ఎవరూ పట్టించుకోలేదు. భయపడాల్సింది కెమెరాకేనన్న మాట వాళ్లకు చెప్పడానికి మళ్లీ వెళ్లాలేమో అనుకుంటున్నాను. వానలు పడ్డాయి, బంగళా కప్పు దిగిపోయే ఉంటుంది. ఎదుటి వాలు మీద ఈపాటికి సామలు మొలిచి ఉంటాయి.