పిట్ట ముట్టిన రోజు

2005 నవంబరులో ఉత్తర కశ్మీర్‌లోని ఒక పోస్టుకు చేరాను. మేజర్‌ని. ఒక కొండదారిని కాపలా కాయడం మా కంపెనీ పని. మూడు రాతి బంకర్లు, ఒక కిరోసిన్ పొయ్యి. వారం తిరక్కముందే దారి మీద నడుములోతు మంచు పడింది.

"ఇక కిందికి దిగేది మే నెలలోనే సాబ్," అన్నాడు గఢ్వాలీ సుబేదార్.

అప్పటికి నాకు పెళ్లై ఆరేళ్లు. నా సెలవులన్నీ కలిపినా నేనూ సరళా ఒకే కప్పు కింద గడిపింది ఏడాది లేదు. ఖిల్లా ఘణపూర్ దగ్గర మా ఊళ్లో, మా అమ్మతో, నా తమ్ముడు బాలుతో ఆమె ఉండేది. మా పాప అక్కడే పుట్టింది. ఈ పోస్టు తర్వాత నన్ను మహారాష్ట్రలో కుటుంబ క్వార్టర్లున్న చోటికి పంపుతారు. వారానికోసారి శాటిలైట్ ఫోన్ కలిస్తే సరళ మాటలన్నీ దాని గురించే.

"వంటింట్ల కిటికీ ఉంటదా?"

"ఉంటది."

"మిక్సీ ఈడికెళ్లి తేవాల్నా?"

"మిలిటరీ క్యాంటీన్ల అన్నీ దొర్కుతయి. నువ్వు రా, సాలు."

బాలుకు పాతికేళ్లు. పుట్టుకతోనే మాట రాదు, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. అమ్మ చేతి ముద్ద తప్ప ఇంకొకరిది తినడు. ఒకసారి అమ్మనూ వాణ్నీ నేను అప్పుడున్న కంటోన్మెంటుకు పిలిపించుకున్నాను. ఫైరింగ్ శబ్దాలకు వాడు మంచం కింద దూరి రెండు రోజులు బయటికి రాలేదు. అమ్మ వాణ్ని వెనక్కి తీసుకెళ్లిపోయింది. "నేనున్నన్ని దినాలు నేను చూస్త," అంది. ఆ తర్వాత ఎవరన్నది ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

జనవరిలో అమ్మ పోయింది. రేడియోలో వచ్చిన కబురును ఆపరేటర్ నాకు చెప్పలేక సుబేదార్‌కు చెప్పాడు. మబ్బు మా పోస్టు కంటే కిందికి దిగి ఉంది. హెలికాప్టర్ వచ్చే వీల్లేదు. ఊళ్లో మేనమామ దగ్గరుండి మట్టి చేయించాడు.

మా దిక్కున మూడో నాడు చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో సమాధి దగ్గర పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. కాకి అనరు, పిట్ట అంటారు. ముట్టలేదంటే పోయిన మనిషికి తీరని కోరిక ఏదో ఉన్నట్టే. అది తీరుస్తామని ఎవరో ఒకరు మాటివ్వాలి. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

అమ్మ మూడో నాడు ఫోన్ కలవగానే అక్క ఏడుపు వినిపించింది. అత్తగారి ఊరు బల్మూర్ నుంచి వచ్చింది.

"తమ్మీ, పిట్ట ముడుతలేదురా!"

వెనక మేనమామ గొంతు. "కల్లు పోసిండ్రా? పొయ్యలే? మరెట్ల ముడ్తది!"

"అమ్మ కల్లెన్నడు తాగిందే మామా?"

"నా చెల్లె సంగతి నాకు తెల్వదా? పొయ్యి."

కల్లు పోశారు. తమలపాకు పెట్టారు. కాకి వేప కొమ్మ మీద నుంచి కదల్లేదట.

"అమ్మ పానం చిన్నోని మీదనే ఉంది తమ్మీ. నువ్వే మాటియ్యి. ఫోను విస్తరి కాడ పెడ్త," అంది అక్క.

సుబేదార్ టోపీ తీసి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, తమ్మున్ని నేను చూస్కుంట," అన్నాను.

పిట్ట ఇంకా కొమ్మ మీదనే ఉందని అక్క చెప్పింది.

"ఏడికెళ్లి చూస్తవురా, ఆ మంచుగడ్డల మీదికెళ్లా?" అన్నాడు మామ. "ప్రతి పండుగకు వస్తననుడు, రాకపోవుడు. నా చెల్లె ఎట్ల నమ్ముతది?"

అప్పుడు సరళ గొంతు వినిపించింది. నాతో కాదు.

"అత్తమ్మా, నేనుంట. బాలును ఇడ్సిపెట్టి యాడికి పోను."

కాసేపటికి ఒక్కసారిగా అరుపులు. "ముట్టింది! ముట్టింది!" మామ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. లైన్ తెగిపోయింది.

"మంచి కబురేనా సాబ్?" అని అడిగాడు సుబేదార్.

"మంచిదే," అన్నాను.

ఆపరేటర్ టీ తెచ్చాడు, తాగాను. కాపలా మార్చే వేళయింది, మనుషుల్ని పంపాను.

మే నెలలో దారి తెరిచారు. జమ్మూలో రైలెక్కి, హైదరాబాదులో దిగి, బస్సులు మారి ఊరు చేరాను. బ్యాగు దించకముందే చెప్పాను.

"క్వార్టర్ దొరికింది."

"నువ్వు పో," అంది సరళ. "ఎండకాలం సెలవులల్ల పాపను తోల్కొస్త. నాలుగొద్దులుండి పోత."

"కాకి ఆకలైతే దిగుతది సరళా. మాట ఇని కాదు."

"గట్లనే అనుకో. ఆ దినం నువ్వీడ లేవు. అత్తమ్మ పోయిన కాడికెళ్లి బాలు మెతుకు ముట్టలే. పిట్ట ముట్టినంక ముద్ద కలిపి నోటికాడ పెడ్తే, నా మొఖం దిక్కు సూసి తిన్నడు. ఇప్పుడు నేను లేస్తే వాడు ముద్ద ఇడ్సి లేస్తడు."

నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ క్వార్టర్‌లో పోస్టింగ్ పూర్తయ్యేదాకా ఒక్కణ్నే ఉన్నాను. ఒక గది తలుపు తెరవనే లేదు.

సర్వీసు ముగిసి ఇంటికొచ్చి చాలా ఏళ్లయింది. ఆ కొండదారి వంపులు ఇప్పుడు సరిగా గుర్తుకు రావు. కానీ ఆ మే నెలలో మా వసారాలో చూసింది ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. క్వార్టర్‌కు సామాను తెచ్చుకోవడానికని సరళ వనపర్తి బజారులో కొన్న కొత్త నల్లటి ఇనుప పెట్టె. దాని మీద పెయింటర్‌తో తెల్లరంగులో రాయించిన నా హోదా, నా పేరు, కొత్త ఊరి పేరు. మూత తెరిచి ఉంది. లోపల సగం దాకా తొలకరికి పల్లి విత్తనం. పక్కన బాలు కూర్చుని కాయలు ఒలిచి ఒక్కొక్క గింజే అందులో వేస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నాకు చోటివ్వడానికి కాస్త పక్కకు జరిగాడు.